బడికి పంపింది మట్టి పిసకడానికేనా?

నారాయణపేట జిల్లాలో కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక ఊరి నుంచి ఓ ప్రాథమిక పాఠశాల టీచర్ పెద్ద ఉత్తరం రాశారు. 2024 డీఎస్సీలో ఎస్జీటీగా ఉద్యోగం వచ్చింది. బడిలో ఐదు తరగతులకు ఇద్దరే టీచర్లు, ఈమె, హెడ్మాస్టరు. ఆ వైపు జ్యేష్ఠ అమావాస్యకు మట్టితో ఎద్దులు చేసి పూజిస్తారు. పండగ మర్నాడు పిల్లలు ఆ ఎద్దుల్ని సంచుల్లో పెట్టుకుని బడికి తెచ్చారట. అవి చూసి ఈమెకు ఒక ఆలోచన వచ్చి, ఆ శనివారం పొద్దంతా పాఠాలు మట్టితోనే చెప్పారు.

ఒకటి, రెండు తరగతుల పిల్లలు మట్టిని పాముల్లా సాగదీసి వ, ప, మ అక్షరాలు పేర్చారు. పైతరగతుల వాళ్లు చిన్న చిన్న గోళీలు చేసి, పదేసి గోళీల్ని ఒక కడ్డీగా కలిపి ఒకట్లు, పదులు లెక్కపెట్టారు. మధ్యాహ్న భోజనం తర్వాత ఎవరికి నచ్చింది వాళ్లు చేశారు. ఎద్దులు, ట్రాక్టర్లు, కట్టెల పొయ్యి, ఒకమ్మాయి అయితే సెల్ టవర్. "ఉద్యోగంలో చేరాక ఇంత సంతోషంగా ఇంటికి వెళ్లిన రోజు లేదు" అని రాశారు.

సోమవారం ముగ్గురు ముగ్గురే. ఒకటో తరగతి పాప తల్లి వచ్చి యూనిఫాం పాడైందని గొడవ. హెడ్మాస్టరు, "తొలిమెట్టు పెట్టుకుని ఈ ఆటలేంటమ్మా? సీఆర్పీ వచ్చి అడిగితే నేనేం చెప్పాలి?" అన్నారు. (తొలిమెట్టు అంటే ప్రాథమిక తరగతుల్లో చదవడం, లెక్కలు గట్టిపరిచే ప్రభుత్వ కార్యక్రమం. సీఆర్పీ అంటే బళ్లకు వచ్చి చూసే క్లస్టర్ రిసోర్స్ పర్సన్.) ఇక మూడోది, ఆమెను నిద్రపోనివ్వనిది. మూడో తరగతి బాబు ఒకడు చేసిన ఎద్దు అందరికంటే బాగా వచ్చింది, మూపురం, గంగడోలుతో సహా. టీచర్ దాన్ని పైకెత్తి చూపించి, "వీళ్లది కుమ్మరి ఇల్లు కదా, విద్య చేతిలోనే ఉంది!" అని మెచ్చుకున్నారు. ఆ బాబు తండ్రి సోమవారం బడి గేటు దగ్గర నిలబడి అన్న మాట ఇది: "మా నాయన మట్టి పిసికిండు, నేను పిసికిన. వీడన్న సదువుకుంటడని బడికి పంపిస్తే మీరు గూడ మట్టే ముట్టిస్తిరి టీచరమ్మా?" అప్పటి నుంచి బాబు రెండు రోజులు బడికి రాలేదు. వచ్చాక ఎవరితోనూ కలవడం లేదు. ఇంటర్వెల్‌లో మిగతా పిల్లలు వాణ్ణి "కుమ్మరోడా" అని పిలుస్తున్నారని తర్వాత తెలిసింది.

ఆమె అడిగినవి ఇవి. మట్టి పని మానేయాలా? ఆ బాబును మాత్రం పక్కన కూర్చోబెట్టి మిగతావాళ్లతో చేయించాలా? లేక ఆ తండ్రినే బడికి పిలిచి సారె తిప్పించి, పిల్లల ముందు గౌరవిస్తే కోపం పోతుందా?

టీచర్ గారూ,

ముగ్గురు ఒకే రోజు వచ్చారు కాబట్టి మీకు మూడూ కలిసి ఒకే తప్పులా కనిపిస్తున్నాయి. నా లెక్కలో ఇవి మూడు వేరు వేరు గొడవలు, మట్టి మూడింట్లోనూ ఉందంతే. తల్లిది బట్టల సమస్య. హెడ్మాస్టరుది రికార్డుల భయం. తండ్రిది మాత్రం చాలా పాతది, పెద్దది. మీరు మట్టి మానేస్తే మొదటి రెండూ ఆ రోజుకి తీరిపోతాయి. మూడోది తీరదు, ఇంకా ముదురుతుంది. ఎందుకో చెబుతాను.

ఆ తండ్రి మాటని మీరు ఉత్తరంలో "కళ విలువ తెలియక అన్నాడు" అని రాశారు. కళ విలువ మీకన్నా నాకన్నా ఆయనకే ఎక్కువ తెలుసు. ఎండాకాలం రంజన్లు, బోనాలకు కుండలు, దీపావళికి ప్రమిదలు, పెళ్లిళ్లకు ఐరేని కుండలు, ఇవి ఆ చేతుల్లోంచి వచ్చేవే. ఫ్రిజ్‌లు, స్టీలు బిందెలు, ప్లాస్టిక్ క్యాన్లు వచ్చాక ఆ పనికి ఏడాదిలో ఎన్ని నెలలు గిరాకీ ఉంటుందో కూడా ఆయనకే తెలుసు. కొడుకుని ఆ పని నుంచి బయటపడేయాలని బడికి పంపాడు. బడిలో అందరి ముందు మీరు "కుమ్మరి ఇల్లు కదా" అన్నారు. మీకది మెచ్చుకోలు. ఆయన చెవికి అది "ఎంత చదివినా నువ్వు ఇంతే" అన్నట్టు వినపడింది.

బడిలో చేతిపని గురించి మన దేశంలో రెండు పాత కథలున్నాయి. డీఎడ్‌లో మొదటిది చదివే ఉంటారు. 1937లో గాంధీ వార్ధాలో ప్రతిపాదించిన బేసిక్ విద్య: వడుకు, నేత, వడ్రంగం లాంటి పని చేస్తూ, ఆ పనిలోంచే పిల్లలు లెక్కలు, భాష నేర్చుకోవాలని. ఎవరింట్లో పుట్టినా సరే, అందరూ రాట్నం పట్టాలి. రెండోది 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం తెచ్చిన పథకం. ప్రాథమిక బడిలో గంటలు తగ్గించి, మిగతా సమయం పిల్లలు ఇంటి వృత్తి నేర్చుకోవాలన్నారు. అంటే చాకలి పిల్లవాడు రేవుకి, కుమ్మరి పిల్లవాడు సారెకి. అది కులవిద్య అని పెరియార్, ద్రావిడ ఉద్యమం వాళ్లు మండిపడ్డారు. మర్నాటి ఏడాదే రాజాజీ దిగిపోయారు, కామరాజ్ వచ్చాక పథకం రద్దయింది.

మీ శనివారం పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా మొదటి రకం. రెడ్డిగారి పిల్లా, మాదిగ పిల్లాడూ, కుమ్మరి పిల్లాడూ ఒకే మట్టి, ఒకే గోళీలు. ఆ ఒక్క వాక్యంతో అది రెండో రకంలోకి జారింది. ఆ తండ్రి 1953 సంగతి విని ఉండకపోవచ్చు. ఆయన భయం మాత్రం అదే. మట్టి అందరి చేతుల్లో ఉంటే పాఠం. ఒక్కడి చేతిలో ఉంటే కులం.

అందుకే మీ ప్రశ్నల్లో రెండోదానికి జవాబు తేలిక. ఆ బాబును పక్కన కూర్చోబెట్టకండి. అందరూ మట్టి పట్టుకుని వాడొక్కడు పలక పట్టుకుంటే, మీరు మాటతో చేసింది ఇప్పుడు చాపతో చేసినట్టే. అలాగని బలవంతంగా వాడి చేతిలో మట్టి పెట్టడమూ వద్దు. మధ్యేమార్గం ఒకటుంది. మట్టి వద్దనుకున్నవాళ్లు ఎవరైనా సరే చింతగింజలతో, అగ్గిపుల్లలతో, సుద్దముక్కతో అదే పాఠం చేయొచ్చని తరగతి మొత్తానికీ చెప్పండి. చేతికి దెబ్బ ఉన్న పాప, తడి మట్టి అంటే ఒళ్లు జలదరించే పిల్లవాడు (ప్రతి తరగతిలో ఒకడుంటాడు), ఈ బాబు, ముగ్గురూ అందులో కలిసిపోతారు. వాడు ఎప్పటికి మట్టి వైపు వస్తాడో, అసలు వస్తాడో రాడో వాడి ఇష్టం.

మూడో ప్రశ్న గురించి. తండ్రిని పిలిచి సారె తిప్పించడం వినడానికి బాగుంటుంది. ఫొటో కూడా బాగా వస్తుంది. ఇప్పుడు మాత్రం వద్దనే అంటాను. తనకు నొప్పి తగిలిన చోటే ఆయన్ను వేదిక ఎక్కమంటున్నారు మీరు. ఆయన వచ్చి కుండ చేస్తే, అంతవరకు వాణ్ణి "కుమ్మరోడా" అన్న పిల్లలకు టీచరే ముద్ర వేసి ఇచ్చినట్టవుతుంది. ఇదే పని ఏడాది తర్వాత, ఆయనే అడిగితే, ఊళ్లో మేస్త్రీని, నర్సమ్మను, లైన్‌మన్‌ను పిలిచిన వరసలో ఆయన్నూ పిలిస్తే అది వేరు. అప్పుడాయన పనిమంతుల్లో ఒకడు.

ఇంకో జాగ్రత్త. మట్టి వాళ్లింటి నుంచి ఉచితంగా తెప్పించుకోకండి. మీరు రాసిన తీరు చూస్తే శనివారం మట్టి కొంత వాళ్లింటి నుంచే వచ్చినట్టుంది. జల్లించి, నానబెట్టి, తొక్కిన మట్టి అంటే ఒక ఇంటి రెండు మూడు రోజుల చాకిరీ. కొనేట్టయితే అందరికీ ఇచ్చే రేటే ఇచ్చి కొనండి. ఈ సమయంలో అసలు వాళ్ల దగ్గర కాకుండా చెరువు మట్టి మీరే తెచ్చుకోవడం మంచిది.

మరి ఆయనతో ఏం మాట్లాడాలి? ఇక్కడ మీకు రెండు దారులున్నాయి. ఒకటి, వాళ్లింటికి మీరే వెళ్లడం. ఊళ్లో టీచరమ్మ గడప తొక్కడం చిన్న విషయం కాదు, అది ఆయనకు గౌరవంగా అనిపిస్తుంది. చుట్టుపక్కల నలుగురూ గుమిగూడి వింటారు, అదే దాంట్లో ఇబ్బంది. రెండోది, బాబును దింపడానికి వచ్చినప్పుడు పక్కకు పిలిచి రెండు నిమిషాలు మాట్లాడటం. తొందరగా అయిపోతుంది కానీ, గేటు దగ్గర కోపంగా మాట్లాడిన మనిషి అదే గేటు దగ్గర మెత్తబడటం కష్టం. నన్నడిగితే సాయంత్రం ఇంటికి వెళ్లండి, హెడ్మాస్టరును వెంటేసుకోకుండా. ఇద్దరు టీచర్లు వస్తే పంచాయితీ అవుతుంది.

వెళ్లాక కళ గొప్పతనం చెప్పకండి. "పిల్లల ముందు మీ ఇంటి వృత్తి మాట తీసుకురావడం నేను చేయకూడని పని. ఇకమీదట అలా జరగదు" అని సూటిగా చెప్పండి. తర్వాత వాడి నోటుబుక్కు చూపించండి. ఇదే ముఖ్యం. పదుల కడ్డీలు విరిచి వాడు తీసివేతలో అప్పు తెచ్చుకోవడం ఎలా చేశాడో మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నలభై రెండులోంచి పదిహేడు తీయడానికి ఒక కడ్డీని పగలగొట్టి పది గోళీలు చేసుకున్నాడట! మూడో తరగతిలో చాలామంది పిల్లలు తడబడేది సరిగ్గా అక్కడే. మీరు పైకెత్తి చూపించాల్సింది ఎద్దును కాదు, ఆ లెక్కను. "మీవాడు లెక్కల్లో చురుకు" అని తండ్రి ఒక్కసారి వింటే, బడికి ఎందుకు పంపాడో దానికి జవాబు దొరికినట్టు. అంతా విన్నాక కూడా "మట్టి మాత్రం వద్దు టీచరమ్మా" అంటే సరేననండి. అది ఓటమి కాదు. తన కొడుకు విషయంలో ఆ మాట అనే హక్కు ఆయనకుంది.

పిల్లల సంగతి. "కుమ్మరోడా" అన్నవాళ్లకు కులం గురించి ఉపన్యాసం ఇస్తే వాళ్లకు గుర్తుండేది కులం ఒక్కటే, అదీ ఆ బాబు వైపు చూస్తూ. పేరుతో తప్ప ఇంకోలా పిలవకూడదనే నియమం తరగతికి పెట్టండి. గుండోడు, నల్లోడు, నత్తోడు, అన్నీ అందులోకి వస్తాయి. మీకూ అదే నియమం. మొదట అన్న ఇద్దరు ముగ్గురిని విడిగా పిలిచి మందలించండి, అందరి ముందు వద్దు. ఇది మీ మంచితనానికి వదిలేసిన విషయం కూడా కాదు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలకు శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది. 29వ సెక్షన్ పిల్లలకు భయం, ఆందోళన లేకుండా బోధన ఉండాలంటుంది. ఆ రెండో మాట హెడ్మాస్టరుతో మాట్లాడేటప్పుడూ పనికొస్తుంది, ఎందుకంటే అదే సెక్షన్‌లో కృత్యాల ద్వారా, అన్వేషణ ద్వారా నేర్చుకోవడం అన్న మాట కూడా ఉంది.

ఇక హెడ్మాస్టరు గారు. ఆయన్ని మీరు కొంచెం విలన్‌లా రాశారు. ఇద్దరు టీచర్ల బడిలో ఒకరు రోజంతా మట్టిలో ఉంటే రెండోవాళ్లకు ఎన్ని తరగతులు మిగులుతాయో ఆలోచించండి. మధ్యాహ్న భోజనం లెక్కలు, ఆన్‌లైన్ హాజరు, కాంప్లెక్స్ మీటింగ్ కాగితాలు ఆయన మీదే ఉన్నాయి. 2022లో తొలిమెట్టు మొదలయ్యాక పిల్లల చదవడం, లెక్కలు చేయడం ఏ స్థాయిలో ఉందో రాసి చూపించాల్సిన బాధ్యతా ఆయనదే. ఆయన అడిగింది "మట్టి ఎందుకు" అని కాదు, "సీఆర్పీకి ఏం చెప్పాలి" అని. కాబట్టి ఆయనకు చెప్పడానికి ఏదో ఒకటి ఇవ్వండి. లెసన్ ప్లాన్‌లో "మట్టి కళ" అని రాస్తే కనుబొమ్మలు లేస్తాయి. "స్థాన విలువ – టీఎల్ఎం: మట్టి గోళీలు, కడ్డీలు" అని రాయండి (టీఎల్ఎం అంటే బోధనోపకరణాలు), ఎవరూ ఏమీ అనరు. మన శాఖలో టీఎల్ఎం అన్న మూడక్షరాలకు ఉన్న మహిమ అది. పైగా ప్రోగ్రెస్ కార్డులో కళలు, సాంస్కృతిక విద్యకు మీరు గ్రేడ్ వేయాల్సిందే కదా. చాలా బళ్లలో ఆ గ్రేడు గాల్లోంచి వస్తుంది. మీ దగ్గర ఆధారం ఉంటుంది.

ఆయన మాటలో న్యాయం ఉన్న చోటు ఒకటుంది, అది ఒప్పుకోవాలి. రోజంతా మట్టి అనేది ఎక్కువ. ఒకటో తరగతి పిల్లలకు ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు దాటితే అది పాఠం పోయి బురదే మిగులుతుంది. మీ ముందు మూడు పద్ధతులున్నాయి. ప్రతి శనివారం రోజంతా చేస్తే పిల్లలు ఎగిరి గంతేస్తారు, కానీ మీరు నెలలో అలిసిపోతారు, ఆయన మీకు ఎదురుతిరుగుతారు. పూర్తిగా మానేస్తే శాంతి ఉంటుంది. కానీ తండ్రి కోపానికి, మరకకి, సీఆర్పీకి భయపడి టీచర్ ఆగిపోయిందన్నది పిల్లలకు అర్థమైపోతుంది, ఆ బాబు తన వల్లే ఆగిందనుకుంటాడు. మూడోది, వారంలో ఒకటి రెండు సార్లు అరగంట, అప్పుడు చెబుతున్న పాఠానికి అవసరమైతేనే. నో బ్యాగ్ డే పాటించే శనివారం ఉంటే ఆ రోజు మధ్యాహ్నం పూట ఇష్టమైనది చేసుకోనివ్వడం. ఇందులో ఆర్భాటం ఉండదు, "ఈ రోజు మట్టి రోజు" అన్న సంబరమూ కొంత పోతుంది. అయినా నేను దీని వైపే మొగ్గుతాను.

అరగంటలో ఏం చేయాలో మీకు నేను చెప్పాల్సిన పని లేదు, ఒక్కటి తప్ప. డీఎస్సీకి బట్టీ పట్టిన పిల్లల మనస్తత్వవేత్త పియాజే గుర్తున్నాడా? పదిలపరుచుకునే భావన, అంటే ఆకారం మారినా పరిమాణం మారదని తెలియడం. సమానమైన రెండు మట్టి ముద్దలు చూపించి, ఒకదాన్ని పాములా సాగదీసి ఏది ఎక్కువని అడగండి. ఒకటో తరగతిలో చాలామంది "పామే ఎక్కువ" అంటారు, నాలుగో తరగతి వాళ్లు మీకు పిచ్చా అన్నట్టు చూస్తారు. రెండు తరగతుల్నీ కలిపి కూర్చోబెట్టి వాదించుకోనిస్తే, ఐదు తరగతులకు ఇద్దరే టీచర్లున్న మీ బడి బాధ ఆ అరగంటకు వరమవుతుంది. పియాజే చెప్పిన రెండు దశలు, కంటికి కనిపించిందే నమ్మే పూర్వ ప్రచాలక దశ, తర్కించి చూసే మూర్త ప్రచాలక దశ, మీ కళ్ల ముందే పోట్లాడుకుంటాయి.

అక్షరాల దగ్గర మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకండి. "వ రాని పాపకు మట్టితో చేశాక వచ్చేసింది" అని రాశారు. వకారానికి తోక తగిలిస్తే మ అవుతుందని చేత్తో తెలుసుకోవడం మంచిదే, గుండ్రటి తెలుగు అక్షరాలకు మట్టి బాగా లొంగుతుంది. కానీ ఆకారం చేయడం వేరు, చూసి చదవడం వేరు. చేస్తున్నంతసేపూ ఆ శబ్దం నోటితో పలికించండి, వల, వడ, మర, మడి అని మాటలు చెప్పించండి. లేకపోతే అది బొమ్మగానే మిగిలిపోతుంది.

మట్టి విషయంలో రెండు మూడు మాటలు. మీవైపు నల్లరేగడి తడిసి ఉబ్బి, ఎండి పగులుతుంది. జల్లించిన సన్న ఇసుక కొంచెం కలిపితే పగుళ్లు తగ్గుతాయి. పెన్సిలంత పాము చేసి వేలికి చుట్టి చూడండి, విరగకపోతే మట్టి సిద్ధం. చెరువు మట్టిలో గాజు ముక్కలు, ముళ్లు ఉంటాయి, ఆరబెట్టి దంచి జల్లించకుండా పిల్లలకు ఇవ్వొద్దు. మనిషికి నిమ్మకాయంత ముద్ద చాలు. చేసినవి నీడలో ఆరాలి. పని అయ్యాక నేల పొడిగా ఊడవకండి, తడిగుడ్డతో తుడవండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. కాల్చని మట్టి కాబట్టి మళ్లీ నానబెడితే ముద్దవుతుంది, వచ్చే వారానికి పనికొస్తుంది. అయితే నానబెట్టే ముందు ఎవరిది వాళ్లను అడగండి. సెల్ టవర్ చేసిన అమ్మాయి ఒప్పుకోదు, ఇంటికి తీసుకుపోనివ్వండి.

యూనిఫాం తల్లిది అన్నిటికన్నా చిన్న సమస్య, అందుకే ముందు తీర్చేయండి. ఆమెకున్నది బహుశా రెండే జతలు, ఉతికేది ఆమే. ఇంటి నుంచి నాన్నదో అన్నదో పాత చొక్కా ఒకటి తెమ్మని చెప్పి, వెనక్కి ముందుకు తొడిగి గుండీలు వీపు మీద పెట్టించండి. సిమెంటు సంచులు కడిగి కోసి కింద పరవండి. మరక పడితే తడిగా ఉన్నప్పుడు రుద్దొద్దు, పూర్తిగా ఆరాక దులిపి చన్నీళ్లలో నానబెట్టమని ఆమెకు చెప్పండి.